తపస్సు మాను కింద ప్రేక్షకురాలు: నాటక మూలాంశాలపై ఒక పరిశీలన

10వ శతాబ్దానికి చెందిన ధనంజయుడు దశరూపకంలో రూపకాలను వేరుపరచడానికి వస్తువు, నేత, రసం అనే మూడింటిని ప్రమాణంగా తీసుకున్నాడు. తెలుగు నాటక విమర్శ నేటికీ తరచుగా ఈ మూడింటితోనే మొదలవుతుంది. వస్తువును కవి కూరుస్తాడు, నేతకు నటుడు రూపమిస్తాడు. రసం మాత్రం ప్రేక్షక హృదయంలోనే నిష్పన్నం కావాలి. అయితే ఆ ప్రేక్షకుడెవరు, ఏ స్థితిలో ఉండి చూస్తున్నాడు అన్నది లక్షణకర్తలు కొంత తొందరగా తేల్చివేసిన ప్రశ్న.

సదుం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలకు పరిచితమైన భారత మహోత్సవాలు ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెస్తాయి. సాధారణంగా 18 రోజులు సాగే ఈ ఉత్సవంలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసే ఘట్టానికి మాత్రం రంగస్థలం చాలదు. ఆరుబయట నాటిన ఎత్తైన మానును నటుడు పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. కింద సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతడు విసిరే నిమ్మపండు తమకు దక్కితే కడుపు పండుతుందని వారి నమ్మిక.

అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో నిజసుఖాది వివశీభావం ఒకటి. సొంత సుఖదుఃఖాలలో మునిగినవారి మనస్సు పరుల కథపై నిలువదని దాని భావం. గీతవాద్యాదులు ఆ మునక నుంచి మనస్సును లేపుతాయని ఆయన ఉపాయం కూడా సూచించాడు. ఈ కొలతతో చూస్తే మాను కింది స్త్రీ రసాస్వాదనకు అనర్హురాలు. కాని అక్కడి పద్యం ఆమె దుఃఖాన్ని మరపించడం లేదు, దానికొక చోటు చూపుతున్నది. అర్జునుడు శివుని యాచిస్తున్నాడు, ఆమె అర్జునుని యాచిస్తున్నది. సొంత బాధే ఆమెను కథలోనికి తీసుకుపోయే దారి అయినప్పుడు దానిని విఘ్నమనడం కష్టం.

ఇక నైతికమైన చిక్కు నటునిది. తాను అర్జునుడు కాడని అతనికి తెలుసు. పండు విసిరే చేయి అనుకర్తది, ఆమె అందుకునేది అనుకార్యుని ప్రసాదం. ఇది వంచన కాదా? తెరమీది దేవునికి హారతి పట్టినవారిని చూసి నవ్విన చదువరులు ఇక్కడా ఆ తేలికమాటే అనవచ్చు. కాని వంచనకు దాపరికం కావాలి. అతడు వేషగాడని ఆమెకూ తెలుసు, తెలిసే ఒడి పడుతున్నది. నటుడు నియమంతో మాను ఎక్కడం ఆ నమ్మికకు అతడిచ్చే బదులు. ఆ నియమాన్ని ఆంగికంలోనో ఆహార్యంలోనో చేర్చలేము, సాత్త్వికాభినయమన్నా అతకదు.

చివరినాటి దుర్యోధన వధలో పరిస్థితి తారుమారవుతుంది. నేలపై మట్టితో మలచిన భారీ విగ్రహం తొడను భీముడు పగలగొడతాడు. ఆ ఎర్రని నీటితో ద్రౌపది జుట్టు ముడుస్తుంది. చుట్టూ నిలిచిన జనంలో చాలామందికి ఆ చావుతో సొంత ప్రయోజనమేమీ లేదు. అభినవగుప్తుని నియమం ప్రకారం వారికి ఆ విఘ్నం లేదు. అయినా గద లేచినప్పుడు కేక వేసేది వారే.