గింజ చేబదులు

దోసకాయ కోసిన ప్రతి ఇల్లాలూ ముందు ఒక ముక్క నోట్లో వేసుకుని చూస్తుంది. చేదుంటే పారేస్తుంది. చేదు లేని తీగను గుర్తుపెట్టుకుని, ఒక కాయను తీగ మీదే పండనిచ్చి, గింజ తీసి, బూడిద కలిపి ఆరబెట్టి దాస్తుంది. విత్తనం ఎంపిక అంటే ఇదే. నందిగామ, జగ్గయ్యపేట మెట్టచేలల్లో దోస రకాలు ఇలాగే నిలిచాయి. నిలిపినవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు.

మరి ఎంపిక చేసినవాళ్లు ఆ గింజకు యజమానులవుతారా?

2011లో యూరప్ పేటెంటు కార్యాలయం ఒక కర్బూజ మీద మోన్‌శాంటో కంపెనీకి పేటెంటు ఇచ్చింది. ఆ కర్బూజ ఒక వైరస్ తెగులును తట్టుకుంటుంది. తట్టుకునే గుణం కంపెనీ పుట్టించింది కాదు, భారతదేశం నుంచి వెళ్లిన ఒక రకంలోది. దాన్ని మామూలు సంకరంతోనే కర్బూజలోకి తెచ్చారు. మన దోస, బుడమ, కర్బూజ అన్నీ ఒకే జాతి మొక్కలు, కలిస్తే కాస్తాయి. అభ్యంతరాలు లేచాక 2016లో ఆ పేటెంటు రద్దయింది.

కంపెనీ వైపు మాట కూడా వినాలి. వందల రకాల్లో తెగులు తట్టుకునేదాన్ని వెతకడం కష్టం. కష్టానికి ఫలితం ఉండాలి. నిజమే. కానీ చేలో పనిచేసినవారికి కూలి ఇస్తాం, చేను రాసివ్వం. మన దేశపు 2001 చట్టం ఈ తేడాను కొంత గుర్తించింది. కొత్త రకం తీసినవారికి హక్కు ఇస్తూనే, రైతు గింజ దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంది. రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు విత్తనంగా మాత్రం అమ్మకూడదు.

చట్టం అక్కడితో ఆగినా మన బాధ్యత ఆగదు. పత్తి చేలో దానంతటది మొలిచిన బుడమను కలుపు అని పీకేస్తాం. చేదు, చిన్నకాయ, సంతలో ధర లేదు. తీపి ఒక్కటే కొలత అయితే రేపటి తెగులుకు మందు ఈ రోజే పెంటకుప్పలో పడుతుంది. ఏది పనికిరాదో తేల్చే అధికారం ఎప్పుడూ సంతకే ఉంటే, ఆదివాసులమైన మనం ఏ కుప్పలో పడతామో మనకు తెలియనిది కాదు.

గింజ చేబదులు లాంటిది. ముందు తరం దగ్గర తీసుకున్నాం, తర్వాతి తరానికి తీర్చాలి. మెరుగుచేసి ఇస్తే మంచిపేరు మనది. గింజ మాత్రం మనది కాదు. ఈ ఏడు ప్రతి ఇంటా ఒక గట్టు మీద బుడమను బతకనిద్దాం.