ఎవరిలోంచి ఎవరు వచ్చారు

గొంగళి పురుగును పెంచితే సీతాకోకచిలుకో చిమ్మటో రావాలి. ఒక్కోసారి కందిరీగ వస్తుంది. తల్లి కందిరీగ ముందే ఆ పురుగు ఒంట్లోకి గుడ్డు దించి వెళ్లి ఉంటుంది. పిల్ల లోపలే పెరిగి, తనకు చోటిచ్చిన ప్రాణిని, అంటే ఆతిథేయిని, బలి తీసుకుంటుంది. ఇలా చంపి తీరే పరాన్నజీవులను శాస్త్రవేత్తలు పారాసిటాయిడ్లంటారు, వ్యవసాయం తెలిసినవారు బదనికలంటారు. వీటిలో ఒక కొత్త జాతిని లోకానికి తెలియజేయడమంటే దాని ఒంటిని వర్ణించడం ఒక్కటే కాదు, అది ఎవరిలోంచి వచ్చిందో చెప్పడం కూడా. ఈ రెండో పనే కష్టం.

కోస్టారికాలోని గువానకాస్తే అడవుల్లో డేనియల్ జాన్జెన్, వినిఫ్రెడ్ హాల్వాక్స్ దంపతులు, స్థానిక సిబ్బంది దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నారు. 1978లో మొదలైన ఆ పెంపకంలో పద్ధతి చాలా సాదాది. పురుగు దొరికిన చెట్టు ఆకులతో సహా దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, ఒక నంబరు ఇచ్చి, రోజూ మేత మార్చి చూస్తారు. ఒకనాడు పురుగు తినడం మానేస్తుంది. కాసేపటికి చర్మానికి చిల్లులు పడి, తెల్లటి పిల్లలు బయటికి పాకి, అక్కడే పట్టుపోగులతో గూళ్లు అల్లుకుంటాయి. చూస్తే పురుగు మీద బియ్యపు గింజలు అంటించినట్టుంటుంది. వాటిని పురుగు పెట్టిన గుడ్లనుకునేవారు చాలామంది. యూరప్‌లో క్యాబేజీ తినే ఒక తెల్ల సీతాకోకచిలుక పురుగుల్లో ఇంకా వింత ఉంది. కొటీసియా గ్లోమెరాటా అనే కందిరీగ పిల్లలు తనను తొలిచి బయటపడ్డాక కూడా ఆ పురుగు కొన్నాళ్లు బతికే ఉంటుంది. వాటి గూళ్ల మీద తన పట్టు కప్పుతుంది, దగ్గరికొచ్చిన శత్రువుల మీదికి తల విసురుతుంది.

ఈ దృశ్యం ఎవరినైనా కలచివేస్తుంది. దయగల దేవుడు ఇలాంటి కందిరీగలను కావాలని సృష్టించాడంటే తాను నమ్మలేనని డార్విన్ 1860లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రేకు రాశాడు. మన దేశంలో ఇలాంటి మరో దృశ్యానికి వేరే అర్థం చెప్పుకున్నారు. మట్టిగూట్లోకి కందిరీగ పురుగును తెచ్చిపెడుతుంది, కొన్నాళ్లకు అందులోంచి కందిరీగే ఎగిరిపోతుంది. పురుగు భయంతో అదే ధ్యాసలో ఉండి భ్రమరమైపోయిందన్నారు. అదే భ్రమరకీటక న్యాయం. ధ్యానానికి ఆ పోలిక ఎంత అందమైనదైనా, గూట్లో జరిగింది వేరు. లోపలికి వెళ్లినవి రెండు ప్రాణాలు, బయటికి వచ్చింది ఒకటి. చూపు తప్పలేదు, లెక్క తప్పింది. సంచికి నంబరు వేసి పెంచడం ఆ లెక్క సరిచేయడానికే.

గువానకాస్తేలో ఇలా బయటపడినవాటిలో మైక్రోగాస్ట్రినే ఉపకుటుంబపు కందిరీగలు ఎన్నో. చాలావరకు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. వీటన్నిటికీ మీసానికి పద్దెనిమిది కణుపులే కాబట్టి, కణుపులు లెక్కపెట్టి జాతులను విడదీయలేరు. రెక్కల నరాలు, నడుము దగ్గరి ఫలకం మీది గీతలు, గుడ్లు దించే సూది పొడవు కొలుస్తారు. ఆపైన ఒకే ఒక్క కీటకాన్ని మూల నమూనాగా ఎంచి మ్యూజియంలో భద్రపరుస్తారు. 2000 నుంచి, నమూనాను స్పష్టంగా పేర్కొనకుండా ప్రకటించిన కొత్త జాతి పేరు చెల్లదు. 2014లో ఈ ఒక్క అడవి నుంచే అపాంటెలిస్ ప్రజాతిలో 186 కొత్త జాతులను వర్ణించారు. వాటిలో చాలా పేర్లు పురుగులను పెంచిన స్థానిక సిబ్బందివే. న్యాయమైన పని.

ఒంటిని మాత్రమే చూస్తే ఎంత మోసపోతామో 2008లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. అపాంటెలిస్ ల్యూకోస్టిగ్మస్ అనే ఒక్క కందిరీగ 32 రకాల పురుగుల మీద బతుకుతుందని అంతకుముందు అనుకునేవారు. డీఎన్‌ఏను, పెంపకం నంబర్లను పక్కపక్కన పెట్టి చూస్తే అది 36 జాతులుగా విడిపోయింది. ఒక్కొక్కటి ఒకటో రెండో దగ్గరి చుట్టాల పురుగులనే ఆశ్రయిస్తోంది. కంటికి కనిపించని తేడా ఆతిథేయి దగ్గర బయటపడింది.

డీఎన్‌ఏ ఒక్కటే చాలా అంటే, అదీ సందేహమే. 2021లో ప్రధానంగా డీఎన్‌ఏ, ఫొటోల ఆధారంగా కోస్టారికా నుంచి 403 కొత్త కందిరీగ జాతులను ఒకేసారి ప్రకటించారు. వర్ణన మరీ కురచైందని వర్గీకరణ శాస్త్రజ్ఞులు కొందరు గట్టిగా అభ్యంతరపెట్టారు. అంతకన్నా పెద్ద వెలితి మరొకటుంది. వాటిలో ఆతిథేయి తెలిసినవి 219 మాత్రమే. మిగతావాటికి పేరుంది, బతుకు చరిత్ర లేదు.

పెంపకంలోనూ పొరపాట్లుంటాయి. ఆకు మడతలో రెండో పురుగు దాగి ఉండవచ్చు. మెసోకోరస్ లాంటి కందిరీగలైతే గొంగళి పురుగు కోసం రావు, దాని లోపలున్న కందిరీగ పిల్లను తినడానికి వస్తాయి. అప్పుడు సంచిలోంచి ఎగిరింది మూడో ప్రాణి. ఎండిన పురుగు చర్మం, ఖాళీ పట్టుగూడు ఉంటేనే ఆ తగువు తీరుతుంది. అందుకే వాటిని పారేయకూడదు. కందిరీగ పక్కనే, అదే నంబరు కింద దాచిపెట్టాలి.