పది దినముల పరీక్ష

దానియేలు గ్రంథము, 1వ అధ్యాయము



తొలకరి పడిన తరువాత మంత్రాలయము బస్సుస్టాండులో పెట్టెయు పరుపుచుట్టయు పెట్టుకొని నిలువబడు మన బిడ్డలను ఏటేట చూచుచున్నాము. కర్నూలులో 2008లో స్థాపింపబడిన రాయలసీమ విశ్వవిద్యాలయమునకు కొందరు, అనంతపురములోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమునకు కొందరు వెళ్లుచున్నారు. తలిదండ్రులు సుగ్గికి పోయి, గుంటూరు ప్రాంతమున మిరపకాయలు కోసి తెచ్చిన కూలి సొమ్ము వారి జేబులో నున్నది. లోకములో పడిపోవద్దని హెచ్చరించి పంపుట మనకు తెలిసిన పని. అంతటితో మన పని తీరినదా?

దానియేలును అతని ముగ్గురు స్నేహితులును బబులోనునకు పోవునప్పటికి యౌవనస్థులే. కల్దీయుల విద్య మాకు వద్దని వారనలేదు. దేవుని బిడ్డ చదువునకు భయపడనక్కరలేదు. క్రొత్త పేర్లు పెట్టినను ఓర్చుకొనిరి. రాజు భోజనము విషయములో మాత్రము దానియేలు ముందే ఒక గీత గీసికొనెను. అతడు పోట్లాడలేదు, మర్యాదగా అడిగి పది దినముల గడువు పొందెను. మూడేండ్ల చదువునకు పది దినముల పరీక్ష!

హాస్టలులోను అంతే. మొదటి ఆదివారము చర్చి వెదకనివాడు నాలుగవ ఆదివారము వెదకుట అరుదు. మొదటి రాత్రి మోకరించుటకు సిగ్గుపడినవానికి రెండవ రాత్రి ఇంకను కష్టము. గదిలోనివారు ఎగతాళి చేయకపోవచ్చును. చేయుదురేమో అను భయమే చాలును.

దానికి ముందే మరియొక పరీక్ష కలదు. దరఖాస్తులో కులము, మతము అను గళ్లున్నవి. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులు షెడ్యూల్డు కులముల జాబితాకు వెలుపల నున్నారు. 1956లో సిక్కుల కొరకును, 1990లో బౌద్ధుల కొరకును అది సవరింపబడెను, మన కొరకు కాలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారికి బి.సి. ‘సి’ వర్గములో 1 శాతమే కలదు. ఆ గడి ముందు కలము పట్టుకొని వణకిన బిడ్డలు మన సంఘములోనే యున్నారు. వారిని వేదికనుండి నిందించుట సులభము. సీటు చేజారిన యెడల ఫీజు ఎవరు కట్టుదురని వారడిగినప్పుడు మనలో ఎందరము నోరు తెరతుము? అబద్ధము వ్రాయుమని మేము చెప్పజాలము. గాని ఆ బరువును బిడ్డ మీదనే విడిచిన సంఘము కూడ దేవునికి లెక్క చెప్పవలెను.

మా తప్పిదమొకటి ఒప్పుకొనుచున్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కుర్రవానికి ప్రార్థన చేసి, బైబిలు చేతికిచ్చి బస్సు ఎక్కించితిమి. ఆ పట్టణపు పాస్టరు ఎవరికిని ఒక్క ఫోనైనను చేయలేదు. క్రిస్మసుకు వచ్చినప్పుడు అతడు తలుపు దగ్గర కూర్చుండి, దీవెన కాకమునుపే లేచిపోయెను. అడుగగా, “అక్కడ నన్నెవరును పలుకరించలేదు అయ్యగారూ” అనెను. ఆ మాట మమ్మును ఇంకను గ్రుచ్చుచున్నది.

దానియేలు ఒంటరివాడు కాడు, నలుగురు కూడ నిలిచిరి. కాలేజీలలో విద్యార్థులే కూడుకొని బైబిలు చదువుకొను సహవాసములున్నవి. 1954లో ఆరంభమైన యు.ఇ.ఎస్.ఐ. అట్టిది. ఈ యేడు బస్సు కదలకమునుపే అక్కడివారికి మేమే ఫోను చేయుదుము. మొదటి పది దినములును ప్రతి బిడ్డతో సంఘములో ఒకరు రాత్రివేళ మాటలాడవలెను. వెళ్లుచున్నవారి పేర్లును హాస్టలు వివరములును వచ్చే ఆదివారము ఆరాధన తరువాత మాకియ్యుడి. తలిదండ్రులు విత్తనము పనిలో నున్న యెడల అవ్వయైనను వచ్చి చెప్పవచ్చును.