వేలు తీశాక మోగేది

పోయిన దసరాకి బాన్సువాడ వెళ్ళినప్పుడు పెద్దబాపు కోసం ఒక కీబోర్డు పట్టుకెళ్ళాను. ఆయన నలభై ఏళ్ళుగా భజనల్లో కాళ్ళ హార్మోనియం వాయిస్తున్నాడు. ఇప్పుడు మోకాళ్ళు తొక్కనివ్వడం లేదు. నా ఇంజనీరు బుర్రకి ఇది తేలికైన లెక్క: శ్రమ తీసేస్తే సమస్య తీరుతుంది. అందుకే సస్టెయిన్ పెడల్ కూడా కొన్నాను.

ఆయన అలవాటు కొద్దీ పెడల్ మీద కాలు వేసి మోహనంలో నాలుగు స్వరాలు పలికించాడు. ఆగి నా వైపు చూశాడు.

"నేను ఏలు తీసినంక గూడ మోగుతాంది గదరా. తప్పు పడితే గది గూడ గట్లనే మోగుతదా?"

మోగుతుంది. సస్టెయిన్ పియానో నుంచి వచ్చిన ఆలోచన. అక్కడ పెడల్ తొక్కితే తీగల్ని అదిమి ఉంచే డ్యాంపర్లు లేస్తాయి, వేలు తీసినా స్వరం నిలుస్తుంది. స్వరాల్ని కలిపి పేర్చే సంగీతానికి అది అందం. స, రి, గ ఒకదాని వెనక ఒకటి నడవాల్సిన చోట మూడూ కలిసి మోగితే రాగం చెదురుతుంది.

హార్మోనియంలో కాలు ఆగితే గాలి ఆగుతుంది, గాలితో పాటు స్వరమూ. దీనికి దగ్గరగా ఉండేది ఎక్స్‌ప్రెషన్ పెడల్. 1983లో వచ్చిన మిడి భాషలో సస్టెయిన్ నంబరు 64, ఎక్స్‌ప్రెషన్ నంబరు 11. మామూలు సస్టెయిన్ పెడల్ ఒక స్విచ్చు మాత్రమే. ఎక్స్‌ప్రెషన్ 0 నుంచి 127 దాకా ఎక్కడైనా ఆగగలదు. చవక కీబోర్డులు చాలావాటికి ఆ పెడల్ గుచ్చే జాకే ఉండదు. కొనేముందు వెనక్కి తిప్పి చూడాలి. నేను చూడలేదు.

ముసలివాళ్ళకి మనం చేసే సాయం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. బరువు దించుతున్నామనుకుంటూ పగ్గాలు కూడా లాక్కుంటాం. పెన్షన్ డబ్బులు మనమే తెస్తాం, ఫోన్ మనమే మాట్లాడతాం. అలాగని శ్రమని పూజించడమూ తప్పే. మోకాలి నొప్పిలో గొప్పతనమేమీ లేదు. ఆయన నొప్పిని నేను కవిత్వం చేసుకోవడం ఇంకా అన్యాయం. నొప్పి, పట్టు రెండూ ఒకే కాలిలో ఉండటంతో ఒకటే అనిపించాయి నాకు. మొదటిది తీసి రెండోది ఉంచడం కుదురుతుంది. కాకపోతే ఏది ఏదో కాలున్న మనిషిని అడగాలి.

సంక్రాంతికి కీబోర్డు మార్చి తెచ్చాను. ఈసారి కొనేముందు ఫోన్ చేసి అడిగాను. పెద్దబాపు ఒకటే చెప్పిండు: "నేను ఆపితే ఆగాలె."