మందు కొట్టని నాలుగు సాళ్లు



హాలియా దగ్గర పత్తి వేసిన ఒక రైతు ఉన్నాడనుకోండి. కొత్తగా వచ్చిన మందు కొని చేనంతా కొట్టాడు. ఆ ఏడు పంట బాగా వచ్చింది. "మందు పనిచేసింది" అని నలుగురికీ చెప్పాడు. గట్టు అవతలి రైతు ఆ మందు కొట్టలేదు, అయినా అతనికీ బాగానే పండింది. అదనుకు వాన పడింది మరి. ఇందులో మందు చేసిన మేలెంత, వాన చేసిన మేలెంత? చేనంతా మందు కొట్టినవాడు చెప్పలేడు. తన చేనులోనే అక్కడక్కడ నాలుగు సాళ్లు వదిలి, తక్కిన సేద్యమంతా ఒకే తీరుగా చేసినవాడు చెప్పగలడు.

జీవశాస్త్రంలో ఆ నాలుగు సాళ్లనే కంట్రోల్ గ్రూపు అంటారు. బడిలో మన పిల్లలు ఆకులో కొంత భాగానికి నల్లకాగితం కట్టి, వెలుగు తగిలిన భాగాన్నీ తగలని భాగాన్నీ అయోడిన్‌తో పరీక్షించి చూస్తారు. అదీ ఈ పద్ధతే. పోల్చి చూడడానికి ఏదీ లేకపోతే మన ఆశనే ఋజువు అనుకొని మోసపోతాం.

పత్తి మొక్కకు ఆకలి బాధ తెలియదు గనుక ఇంతవరకు చిక్కు లేదు. కాని ఆ సాళ్ల స్థానంలో పసిపిల్లలు ఉంటే?

ఇది మనకు దగ్గరలోనే జరిగింది. 1987-90 మధ్య హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నగరానికి చేరువలోని 29 పల్లెలలో ఒక పరిశోధన చేసింది. 15 పల్లెలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనపు ఆహారం అందింది. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ల వయసుకు వచ్చాక, 2003-05లో, రెండు రకాల పల్లెలలోనూ కలిపి 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వారి రక్తనాళాల బిరుసుదనం కొంత తక్కువగా, ఒంట్లో ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగ్గా కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి.

14 మిల్లీమీటర్లంటే వేలెడు వెడల్పు. ఆ వేలెడు తేడా మనకు కనిపించిందంటే అది ఆహారం అందని 14 పల్లెల వల్లనే. మరి ఆ తల్లుల ఎదుట మనం ఏ ముఖంతో నిలబడాలి?

పరిశోధకులు ఎవరి నోటి దగ్గర కూడూ లాగివేయలేదు. 1975లో మొదలైన ఆ పథకం దేశంలో అంచెలంచెలుగా విస్తరిస్తూ ఉంది. కొన్ని పల్లెలకు ముందుగా, కొన్నింటికి ఆలస్యంగా అందింది. ఆ ఎదురుచూపును వారు సృష్టించలేదు, ఉన్నదానిని గమనించారు. ఈ తేడా చిన్నది కాదు. అయినా ఆకలి ఆకలే. వేచి ఉన్నవారి నుండి జ్ఞానం పొందిన మనం వారికి ఋణపడి ఉన్నాం.

అమెరికాలోని టస్కీగీలో జరిగినది వేరు. 1932 నుండి 1972 వరకు సిఫిలిస్ వ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులను, ఆ వ్యాధి లేని మరో 201 మందితో పోల్చి చూస్తూ వచ్చారు. పెన్సిలిన్‌తో ఆ వ్యాధి నయమవుతుందని తెలిసిన తరువాత కూడా రోగులకు ఇవ్వలేదు, నిజం చెప్పలేదు. పోల్చి చూడడం అక్కడి పాపం కాదు. తెలిసిన మందునూ నిజాన్నీ దాచడమే పాపం.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. రాజు పంపే భోజనం వద్దని, పది దినాలు కూరగాయలు, నీళ్లు ఇచ్చి, ఆ తరువాత తమను ఇతర యువకులతో పోల్చి చూడమని దానియేలు అధికారిని కోరాడు. ఆ పరీక్షను తానే కోరుకున్నాడు. దానికి గడువు పెట్టాడు. తక్కిన యువకులకు రోజూ వచ్చే భోజనం ఆగలేదు.

న్యాయమైన పరిశోధనకు గుర్తులు అందులోనే ఉన్నాయి. పాల్గొనేవారికి విషయం తెలియాలి. ఎవరికీ రావలసినది ఆగకూడదు. ఎన్నాళ్లో ముందే చెప్పాలి. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా, తెలిసి ఇచ్చిన సమ్మతి లేని ప్రయోగం మానవ గౌరవానికి తగదని బోధిస్తుంది. అంతేకాదు, సమ్మతి ఇచ్చినంత మాత్రాన ప్రాణానికి మితిమీరిన ముప్పు తెచ్చే ప్రయోగం న్యాయమైపోదనీ అంటుంది.

దీనికి నేను మరొకటి చేర్చుతాను. మేలు ఋజువైన రోజున అది మొట్టమొదట చేరవలసినది వేచి ఉన్నవారికే. రైతు తను వదిలిన సాళ్లను మరచిపోయినా దోషం లేదు. మనుషులను మాత్రం అలా మరచిపోరాదు.

రేపు ఎవరైనా మీ ఊరికి వచ్చి, పరిశోధన కోసం మీ బిడ్డ పేరు రాసుకుంటామంటే భయపడి తలుపు వేయకండి, తలవంచి వేలిముద్రా వేయకండి. "మా బిడ్డ ఏ గుంపులో ఉన్నా, వాడికి రావలసినది ఏదీ ఆగదు కదా? మేలని తేలితే మాకు ఎప్పుడు ఇస్తారు?" అని అడగండి. అలా అడగడం అవిశ్వాసం కాదు, తల్లిదండ్రుల బాధ్యత.

అంగన్‌వాడీలో మీ బిడ్డ పళ్లెంలో అన్నం పడినప్పుడు ఆ 14 పల్లెల పిల్లలను ఒక్కసారి తలచుకోండి. ఆ అన్నం విలువ వారి ఎదురుచూపు వల్లనే మనకు లెక్కగా తెలిసింది.