దేవకి కన్నది, యశోద పెంచినది

భాగవత పారాయణములో కంసవధ ఘట్టము రాగానే శ్రోతలు ఉత్సాహముతో జయధ్వానములు చేయుదురు. ఆ వెంటనే వచ్చు చిన్న సంభాషణము మాత్రము పలువురి చెవిని సోకకయే గడచిపోవును. శ్రీకృష్ణుడు దేవకీవసుదేవుల సంకెళ్లు విడిపించి, వారి పాదములకు మ్రొక్కెను. తన బాల్యమును చూచి ఆనందించు భాగ్యము వారికి లేకపోయినదనియు, కన్నవారి ఇంట గారాబముగా పెరుగు బిడ్డలకు దొరకు సంతోషము దైవవశమున తనకును దొరకలేదనియు పలికెను.

రేపల్లెలో పాలకు, వెన్నకు కొదువ లేదు. యశోద ప్రాణముకంటె మిన్నగా పెంచినది. అయినను లోటు లోటేనని భగవంతుడే ఒప్పుకొనెను. కడుపు నిండినంత మాత్రమున బిడ్డ మనసు నిండదని ఇంతకంటె స్పష్టముగా చెప్పు కథ మరియొకటి గలదా?

ఈ ధర్మము నేటికిని అవసరమగుచున్నది. ఒమాను దేశమున మస్కటు చెంత, సీబు ప్రాంతములో మబేలా అను పేట గలదు. ఒమానులోను, ఇతర గల్ఫు దేశములలోను గోదావరి జిల్లాల స్త్రీలు, కడప ప్రాంతపు స్త్రీలు ఇండ్లలో పని చేయుచున్నారు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల పురుషులు కట్టడపు పనులలో చెమటోడ్చుచున్నారు. ఇంటిపనికై గల్ఫునకు పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండి ఉండవలెనని భారత ప్రభుత్వము నియమము చేసినది. కావున వెళ్లువారిలో పెక్కుమంది అప్పటికే బిడ్డల తల్లులు. బిడ్డలను వెంట ఉంచుకొను వీలు వారికి సాధారణముగా ఉండదు. పరుల బిడ్డకు అన్నము కలిపి పెట్టు ఆ చేయి, తన బిడ్డ తల నిమరలేదు. ఆ బిడ్డ ఊరిలో అమ్మమ్మ యొద్దనో నాయనమ్మ యొద్దనో పెరుగుచుండును.

అట్టి తల్లిని కఠినురాలనుట పాపము. దేవకి ప్రేమ లేక బిడ్డను పంపలేదు; బ్రతికించుకొనుటకే పంపినది. 1834 మొదలు కోరంగి మున్నగు రేవులనుండి ఓడలెక్కి మారిషసు చెరకు తోటలకు చేరిన పూర్వుల వంశీయులు ఈ మాటను ఇతరులకంటె బాగుగా గ్రహింపగలరు. అయిదేండ్ల ఒప్పందముపై వచ్చినవారిలో ఎందరో ఇంటివారిని వెనుక విడిచి వచ్చిరి. అటు మిగిలిన బిడ్డల దుఃఖమును ఏ రిజిస్టరును వ్రాసి ఉంచలేదు.

ఆ దుఃఖమునకు మందును కృష్ణుడే చూపెను. మొదటిది, లోటును దాచకుండుట. “అమ్మ రేపే వచ్చును” అని బొంకి ఊరడించినచో బిడ్డ రేపటినే నమ్మడు. “అమ్మ దూరమున ఉన్నది, నీకు బెంగగా ఉన్నది, ఏడువుము” అని ఒడిలోనికి తీసికొనవలెను. రెండవది, పెంచినవారిని గౌరవించుట. పోషింపలేక అయినవారు విడిచిన శిశువును తమ బిడ్డవలె పెంచినవారే తల్లిదండ్రులని కృష్ణుడు నందునితో అనెను. ముసలితనములో మరల తల్లియైన అమ్మమ్మకు డబ్బు పంపిన చాలదు. ఆమె అలసటను అడిగి తెలిసికొనవలెను. మూడవది, కబురు పంపుట. మథురనుండి ఉద్ధవుని పంపినది అందులకే.

నేటి ఉద్ధవుడు టెలిఫోను. మబేలాలో రాత్రి 8 గంటలైనప్పుడు ఆంధ్రదేశమున 9.30, చిన్నబిడ్డ నిద్రించియుండును. కావున బిడ్డ మేలుకొనియుండు వేళను నిర్ణయించుకొని, ఆ వేళను తప్పక పాటింపవలెను. మార్కులు, పైకము కాక, ఆనాటి ఆటను, స్నేహితుని, కలను అడుగవలెను. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫు, ప్రపంచ బ్యాంకు శిశుపోషణకు చెప్పిన అయిదు అంగములలో ఆరోగ్యము, ఆహారము, రక్షణ, విద్యారంభములతో పాటు, బిడ్డ పిలుపునకు పలుకుటయు ఒకటి. పేద దేశములలో ఆహారమునకే కష్టమైనచోట ఈ అంగము మరుగున పడుచున్నది. కాని పలుకుటకు వ్యయము లేదు.

మారిషసు గడియారము, మబేలా గడియారము ఒకే గంట కొట్టును. ఇచటి కోవెలలకును తల్లియో తండ్రియో ఉద్యోగార్థము పరదేశమున ఉన్న బిడ్డలు వచ్చుదురు. భజనలో గొంతు కలుపక మూలన కూర్చుండు బిడ్డను మందలించుటకు ముందు, పెద్దలు ప్రక్కన కూర్చుండి “అమ్మ ఏమన్నది, నాయనా?” అని అడుగుదురు గాక. ప్రసాదము చేతిలో పెట్టుటకు ముందు ఆ సమాధానమును వినుదురు గాక.