ప్రీయాంప్లిఫయరు: కారణమా, అన్యథాసిద్ధమా?

కార్యమునకు నియతముగా పూర్వమందుండునది కారణమని తర్కసంగ్రహమున నిర్వచించిన అన్నంభట్టు, తానే రచించిన దీపికలో ఆ నిర్వచనము చాలదని తలంచి, అట్టిది అన్యథాసిద్ధము కాకుండవలెనను నియమమును జేర్చెను. ఘటము పుట్టుటకు మన్ను కారణము, చక్రము కారణము, కులాలుడు కారణము; ఆ మన్నును మోసితెచ్చిన గర్దభము మాత్రము, ఘటమునకు ముందే యచట నిలిచియున్నను, కారణము కాదు, అన్యథాసిద్ధమని నైయాయికుల నిర్ణయము; ఏలయన నది లేకున్నను ఘటము పుట్టగలదు. పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన యీ పండితుడు బాలురకు సైతము సుబోధము చేసిన యీ విచారణ, ఇంటిలో శ్రద్ధగా సంగీతము వినువారి నడుమ నేటికిని తెగని యొక వివాదమును దేల్చుటకు దోడ్పడునని నా నమ్మకము. పాటను చదివి యిచ్చు యంత్రమునకును, స్పీకర్లను నడపు పవర్ యాంప్లిఫయరునకును మధ్య, ప్రీయాంప్లిఫయరు అను వేఱొక పెట్టె యుండి తీరవలయునా?

ఒకప్పుడు దీనిని గూర్చి సంశయమే లేదు. ఇంగ్లండునందు పీటర్ వాకర్ సంస్థ 1953లో క్వాడ్-2 అను పవర్ యాంప్లిఫయరును వెలువరించినప్పుడు, దానికి తోడుగా క్యూసీ-2 అను కంట్రోల్ యూనిట్టును గూడ నిచ్చెను. తన 15 వాట్ల నిండుశక్తిని జూపుటకు ఆ యాంప్లిఫయరునకు 1.4 వోల్టుల సంకేతము కావలయును. రికార్డుపై నడచు మూవింగ్ మాగ్నెట్ పికప్పు ఇచ్చునది సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. దానిని దాదాపు 280 రెట్లు పెంచువారు లేనిదే గానమే లేదు. అంతియేగాక, గాడులు మితిమీరి వెడల్పు గాకుండుటకై మంద్రధ్వనులను తగ్గించియు, ఉపరితలపు గరగర వినబడకుండుటకై తారధ్వనులను హెచ్చించియు రికార్డును చెక్కుదురు. 1954లో అమెరికాలో నిర్ణయమై తరువాత లోకమంతట వ్యాపించిన ఆర్‌ఐఏఏ నియమమును బట్టి యీ హెచ్చుతగ్గులు ఇరుకొనలయందును సుమారు 20 డెసిబెళ్లు. వానిని మరల సరిచేసి, గాయకుని కంఠమును గాయకునికి తిరిగి యిచ్చు బాధ్యతయు ప్రీయాంప్లిఫయరుదే. అచట నది నిస్సందేహముగా కారణము.

1982లో కాంపాక్టు డిస్కు వచ్చినది. దాని ప్లేయరు నిండుస్థాయిలో 2 వోల్టుల నిచ్చును. 1.4 వోల్టులతో తృప్తిపడు ఆ పాత క్వాడ్ యాంప్లిఫయరునకు సైతము ఇది చాలి మిగులును. పెంచవలసిన దేమియు లేనప్పుడు పెంచు యంత్రమేలయని, లాఘవమును ప్రమాణముగా గొన్నవారు ప్రీయాంప్లిఫయరును త్రోసివేసి, ఒక్క పొటెన్షియోమీటరు మాత్రము నడుమ నుంచుకొని, ఇక సంగీతమునకును మాకును అడ్డములేదని సంతోషించిరి. వారి విరక్తి నాకు గౌరవపాత్రమే. కాని వారు మధ్యవర్తిని తొలగింపలేదు, దుర్బలుడైన మధ్యవర్తిని నిలిపిరి. 100 కిలోఓముల పొటెన్షియోమీటరు నడిమి స్థితిలో 25 కిలోఓముల ఆటంకమై నిలుచును. దాని వెనుక పొడవైన తీగయు, దానికి 500 పికోఫారడ్ల ధారణశక్తియు నున్నచో, ధ్వని 13 కిలోహెర్ట్జుల యొద్దనే క్షీణించి, తాళపు ఝంకారము మసకబాఱును. 10 కిలోఓములదే పెట్టినచో ఆ హద్దు 127 కిలోహెర్ట్జులకు, అనగా మానవశ్రవణమున కెంతో ఆవలికి తొలగును; కాని యంత తక్కువ నిరోధమును మోయుట కొన్ని వాల్వు యంత్రముల తరము కాదు. కావున పెంచుట యను ధర్మము పోయినను, ఇచ్చువాని బలహీనతను పుచ్చుకొనువానికి సోకనీయక కాపాడుట యను ధర్మము ప్రీయాంప్లిఫయరునకు మిగిలియే యున్నది.

ఇచట నాకు తత్త్వప్రశ్నయే ముఖ్యము. నడుమ నేదియు లేకుండుటయే శుద్ధియను భావన మన మనస్సులలో లోతుగా నాటుకొన్నది; కాని ప్రత్యక్షజ్ఞానమునకు సైతము ఇంద్రియార్థ సన్నికర్షము వలయునని నైయాయికులు చెప్పలేదా? కన్ను నడుమ నున్నదని రూపమును శంకింపము. కంటికి కామెర సోకినప్పుడే శంకింతుము. జ్ఞానము స్వతః ప్రమాణమనియు, బాధకజ్ఞానము గాని, కారణదోషజ్ఞానము గాని కలిగినప్పుడే దానిని విడువవలెననియు కుమారిలభట్టు చేసిన సిద్ధాంతము ఈ యంత్రమునకును చెల్లును. మధ్యవర్తిత్వము దోషము గాదు. మధ్యవర్తియందలి దోషమే దోషము. రొదను, వక్రతను జేర్చు ప్రీయాంప్లిఫయరు ఎంత వెలగలదైనను త్యాజ్యము. ఏమియు జేర్చనిది అందున్నదని మన మేల దుఃఖింపవలయును?

అయినను ఆవశ్యకత యనునది పెట్టెలో నుండు గుణము గాదు, సంబంధమున బుట్టునది. ఒకే డిజిటల్ ప్లేయరు, దానిలోనే ధ్వనిని తగ్గించు నేర్పు, పొట్టి తీగలు గలవానికి ప్రీయాంప్లిఫయరు అన్యథాసిద్ధమే, కొనవలదని నిస్సంకోచముగా జెప్పుదును. డిజిటల్ పద్ధతిలో ప్రతి 6 డెసిబెళ్లకు ఒక బిట్టు నష్టమగుమాట నిజమే కాని, 24 బిట్ల యంత్రములలో ఆ నష్టము చెవికి తెలియుట యరుదు. రికార్డులు, రేడియో, పాత టేపులు అన్నియు గలవానికి, మూలయంత్ర మొకమూలను, యాంప్లిఫయరు వేఱొకమూలను ఉన్నవానికి అది కారణమే. సందేహము మిగిలినవాడు అన్వయవ్యతిరేకములతో పరీక్షింపవలయును: దానిని పెట్టి వినవలెను, తీసి వినవలెను, కాని రెండుసారులును స్పీకరు కొసలయందు వోల్టుమీటరుతో స్థాయిని సమము చేసికొనిన పిదపనే వినవలెను, ఏలయన ఒక డెసిబెలునకు లోపలి హెచ్చును సైతము చెవి హెచ్చుగా గ్రహింపక, మాధుర్యముగా గ్రహించును.